కొండదారి పరుగు

మూడేండ్ల క్రిందట నా నెత్తురు పరీక్షించిన వైద్యుడు, చక్కెరవ్యాధి నా గుమ్మము దాక వచ్చి నిలిచియున్నదనియు, దినమున కొక గంట నడువవలెననియు, చేతనైనచో మెల్లగా పరుగెత్తవలెననియు చెప్పెను. నలువదినాలుగేండ్ల బడిపంతులు తెల్లవారుజామున ఊరిదారిని పరుగెత్తుట మా పల్లెవారికి వీధినాటకముకంటె ఎక్కువ వినోదమైనది. "ఎవరన్నా తరుముతున్నారా, మాస్టారూ?" అని పలుకరించినవారును కలరు. పంచె కట్టుకొని పరుగెత్తుటకు వీలు లేదు. నిక్కరు తొడిగినచో గురుత్వము నిలువదు. నెలదినములు నలుగురు లేవకమునుపే ఇల్లు చేరి ఆరోగ్యమును, గౌరవమును రెంటిని కాపాడుకొంటిని.

మా పల్లె నరసరావుపేటకును చిలకలూరిపేటకును నడుమ నున్నది. ఎటు చూచినను రేగడినేల, పత్తి, మిరప. వాటి మీదుగా కోటప్పకొండ. నాకు మొదట దొరకిన దారి కాలువకట్ట. 1967లో నాగార్జునసాగరము నీటిని కుడికాలువకు వదలిన పిమ్మట ఈ మెట్టపొలముల రూపు మారెను. దాని శాఖల గట్లు నేడు నడకగాండ్రకు అక్కఱకు వచ్చుచున్నవి. రెండవది డొంకదారి. దీనిని ఋతువు నెరిగి ఎన్నుకొనవలెను. వాన కురిసిన మరునాడు రేగడిలో పది యడుగులు వేసినచో బూటు శేరు బరువెక్కును. వేసవిలో ఆ నేలయే నెరియలు విచ్చి మడమను పట్టుకొనును. కార్తికమున పత్తిబోరెములతో ట్రాక్టర్లు పోయిన వెనుక, తుమ్మకొమ్మలు దువ్వుకొన్న దూది దారిపొడవున వ్రేలాడుచుండును. మాఘఫాల్గుణములలో కళ్లము లెఱ్ఱబారును. తేజకాయ ఎండుచున్న కళ్లము ప్రక్కగా, గాలికి ఎదురుగా పరుగెత్తబోయి నేనొకనాడు పదునేడు తుమ్ములు తుమ్మితిని. మొగమునకు గుడ్డ కట్టుకొని దినమెల్ల అచ్చటనే కూర్చుండి కాయలేరు స్త్రీలు నన్ను చూచి నవ్విరి. నవ్వుటకు వారికి హక్కు కలదు.

మూడవది కొండదారి. మూడు శిఖరములు గలది గావున దీనికి త్రికూటాద్రి యని పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్రుల పేరిట ఆ శిఖరములను పిలుతురు. పైకి మెట్లదారియు, ఘాటురోడ్డును గలవు. మెట్లపై పరుగు మోకాళ్లకు శిక్ష, ఘాటురోడ్డే మేలు. ఎక్కునప్పుడు అడుగు చిన్నదిగా వేసి, చూపు పది గజముల దూరమున నిలుపవలెను. అలుపు ఎక్కుటలో నున్నను, మరునాటి తొడనొప్పి దిగుటలో నున్నది. బలములో సగము మాత్రమే వ్యాయామమునకు వెచ్చింపవలెననియు, ఊపిరి నోటికి వచ్చినచో సగము ముగిసినట్లే యనియు సుశ్రుతుడు చెప్పెను. 1962లో న్యూజిలాండు దేశపు ఆక్లండు నగరమున ఆర్థర్ లిడియార్డు మొదలిడిన మెల్లపరుగు సంఘమువారును, మాటలాడుచు పరుగెత్తగల వేగమే తగినదనిరి. ఇద్దరి నడుమ రెండువేల యేండ్లు గడచినను ఊపిరితిత్తులు మారలేదు.

ఈ కొండమీద కాకులు వాలవని ప్రతీతి. నేను వాలిన కాకిని చూడలేదు. కాని ఏటవాలుపై రొప్పుచున్నవానికి కాకులను లెక్కించు తీరిక యుండదు. స్థలపురాణమున ఆనందవల్లి యను గొల్లభామ కథ కలదు. నిండుచూలాలైన యామె ప్రార్థింపగా దేవుడు కొండ దిగి వెంటవచ్చుట కొప్పుకొని, వెనుదిరిగి చూడవలదనెను. దారిలో ఘోరమైన ధ్వని వినబడగా ఆమె తిరిగి చూచెను. ఆయన అచ్చటనే నిలిచిపోయెను. చిన్ననాడు ఆమె తొందరపాటును నేనును తప్పుపట్టితిని. ఈ వాలున ఒంటరిగా దిగిన తరువాత నాకట్లు తోచుట లేదు. వెనుక కొండ విరిగినట్లు ధ్వని కాగా, నిండుచూలాలు తిరిగి చూడక యేమి చేయును?

చీకటితో ఈ దారిని వచ్చువారిలో పోలీసు ఉద్యోగమును కోరు యువకులు పెక్కండ్రు. కానిస్టేబులు పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలో, స్త్రీలు పదిన్నర నిమిషములలో దాటవలెను. నాయొద్ద చదివిన బాలిక యొకతె, మిరపకాయ లేరు కూలివారి బిడ్డ, ఇంటరు ముగించి ఆ పరీక్షకై నిరుడు తన యన్న బూట్లు తొడిగి పరుగెత్తనారంభించెను. పదిదినములలో రావిచెట్టు అరుగుమీద మాటలు పుట్టినవి. ఆమె తండ్రి నాయొద్దకు వచ్చి, "తమరేం చెయ్యమంటే అది చేస్తానండీ, పంతులుగారూ" అని చేతులు కట్టుకొని నిలిచెను.

గుంటూరిలో ఉన్నవ దంపతులు 1922లో స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిన ముచ్చట నేనేటేట తరగతిలో చెప్పుదును. 1967లో బోస్టను మారథానున పరుగెత్తుచున్న కాథరిన్ స్విట్జరు సంఖ్యాపత్రమును ఒక నిర్వాహకుడు లాగివేయబోయిన కథయు, 1984 దాక ఒలింపిక్సులో స్త్రీలకు మారథాను లేకపోయిన సంగతియు చెప్పి, పిల్లలు ఆశ్చర్యపడగా సంతోషింతును. ఇన్ని యెరిగిన నేను ఆనాడు ఆ తండ్రితో నేమంటిని? "నాలుగు రోజులు ఆపించండి, మాటలు సద్దుమణగనివ్వండి" అంటిని. అరుగుమీది పెద్దలలో ఇద్దరు మా బడి సంఘమున నున్నారు. కారణ మంతకంటె గొప్పది కాదు.

నాలుగు రోజులు నలువదియైనవి. నేను మాత్రము ప్రతిదినము పరుగెత్తుచునే యుంటిని. ఒకనాడు డొంక మలుపున ఆ బాలిక కళ్లమునకు పోవుచు నాకు దారియిచ్చి, గట్టువారకు తొలగి నిలిచి నమస్కరించెను. ఆ నమస్కారమును దాటి పోవుట ఘాటురోడ్డుకంటె కష్టమైనది.

ఇంటికి వచ్చి చెప్పగా నా భార్య బియ్య మేరుచు తలయెత్తకయే, "మీరు పరుగెత్తడానికి డాక్టరు చీటీ చాలింది. దానికి ఎవరి చీటీ కావాలి?" అనెను.

ఆ సాయంకాలమే పోయి ఆ తండ్రితో నేను చెప్పినది తప్పని యొప్పుకొంటిని. ఆయనకంటె ఆ తల్లి ముందు మాటలాడెను. "పొద్దున చీకట్లో దాని వెనక ఎవరుంటారండీ?" అనెను. ఆమె భయము అరుగువారి మాటలవంటిది కాదు. దానికి సమాధానము చెప్పవలసినదే. నేనుందు నంటిని. మరునాడు నా భార్యయు చేతిదీపముతో బయలుదేరెను. ఆమె పరుగెత్తదు, నడచును, నడచుచు మా యందఱ లోపములను చెప్పును. నెలలోపల మరి ఇద్దరు బాలికలు చేరిరి. బడి సంఘమున నాపై కొంత చర్చ జరిగినదని వింటిని, నన్నింకను పిలువలేదు.

కొండక్రింది వేపచెట్టునుండి మొదటి మలుపువఱకు టేపుతో కొలిచితిమి. 800 మీటర్లు వచ్చెను. పోయి వచ్చినచో లెక్క సరి. మొదటిదినమున ఆ బాలికకు పదుమూడు నిమిషములు పట్టెను. మొన్నటి సోమవారము పదకొండున్నర. ఇంకొక నిమిషము తగ్గవలెను. గడియారము నా భార్య చేత నున్నది. నేను ఇంకను మలుపునొద్దనే యుంటిని.