నాలుగు పరుగుల లోటు

1948 ఆగస్టు 14న లండన్ ఓవల్ మైదానంలో డాన్ బ్రాడ్‌మన్ తన ఆఖరి టెస్టులో బ్యాటు పట్టుకుని దిగాడు. నాలుగంటే నాలుగు పరుగులు చేసి ఔటైనా సరే, సగటు నిండుగా వంద. ఎరిక్ హాలీస్ గూగ్లీ వేశాడు. రెండో బంతికే సున్నాకి బౌల్డ్. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది.

ఆ సున్నాకి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు 'డక్'. సున్నా బాతుగుడ్డులా ఉంటుందని మొదట్లో 'డక్స్ ఎగ్' అనేవారు. రానురాను గుడ్డు పోయి బాతు మిగిలింది. మొదటి బంతికే పోయినవాడి సున్నాకి బంగారు పూత కూడా పూసి 'గోల్డెన్ డక్' అన్నారు. తొంభైలు దాటాక కాళ్లు వణికితే 'నెర్వస్ నైంటీస్'. మన హైదరాబాదీ ఎం.ఎల్. జయసింహ 1960లో కాన్పూరులో పాకిస్తాన్ మీద 99 దగ్గర రనౌటయ్యాడు. ఇలాంటి మాటల్లో వెక్కిరింత ఉంటుంది గానీ విషం ఉండదు. రేపు మళ్లీ ఆట ఉందిగా!

వెలితిని చెప్పే ఇంగ్లీషు మాటల్లో నాకు ఇష్టమైనవి చాలావరకు ఆటస్థలాల్లో పుట్టినవే. 'అప్ టు స్క్రాచ్' సంగతే చూడండి. బాక్సింగులో గ్లౌజులు లేకుండా ఉత్త పిడికిళ్లతో తలపడే రోజుల్లో బరి మధ్య ఒక గీత గీసేవారు. అదే 'స్క్రాచ్'. దెబ్బతిని పడ్డవాడికి అర నిమిషం గడువు. ఆలోగా అతని మనుషులు మూలకి చేర్చి సేదదీర్చవచ్చు. 1838 నాటి లండన్ నిబంధనలు ఆపైన మరో ఎనిమిది సెకన్లిచ్చాయి. అప్పుడు మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే గీత దగ్గరికి నడిచి రావాలి. రాకపోతే ఓడినట్టు. ఎన్నిసార్లు పడ్డాడని అడిగేవాడే లేడు. ఇవాళ ఆఫీసులో కిందివాడి పని 'నాట్ అప్ టు స్క్రాచ్' అని తేల్చేసే బాసుకి ఈ ముప్పై ఎనిమిది సెకన్ల ఊసే తెలియదు.

గోల్ఫులో మరో తమాషా. అక్కడ 'పార్' అనే నిర్ణీత లెక్క కంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాడే మొనగాడు. ఆఫీసులో 'బిలో పార్' అంటే తిట్టు. అదీ సబబే, ఆ మాట అంతకుముందు నుంచే షేర్లూ బాండ్లూ అమ్మేవాళ్లది. ముఖవిలువ కంటే తక్కువ పలికితే 'బిలో పార్'. మనిషికీ ధర కట్టేసరికి మాట చేదెక్కింది.

అన్నిటికన్నా కఠినమైనది 'ఫౌండ్ వాంటింగ్'. బైబిలులో దానియేలు గ్రంథం నుంచి వచ్చింది. బెల్షస్సరు రాజు విందులో మునిగి ఉండగా ఓ చెయ్యి గోడమీద ఏదో రాసిపోతుంది. త్రాసులో వేస్తే తక్కువ తూగావని అందులో ఒక మాటకి తాత్పర్యం. ఆ రాత్రే రాజు హతుడవుతాడు. బరిలో గీత దగ్గరికి మళ్లీ రావచ్చు, త్రాసు దగ్గర ఆ వీలు లేదు.

మన బళ్లలో ప్రోగ్రెస్ కార్డు మీద 'నాట్ అప్ టు ద మార్క్' అని రాసినప్పుడు పిల్లవాడికి తగిలేది ఈ త్రాసు దెబ్బే. మార్కంటే మనకి పరీక్ష మార్కే కాబట్టి, మాట ఇంకాస్త లోతుగా దిగుతుంది. ఇంగ్లీషు చదవడం రాని తల్లి దాని కిందే సంతకం పెడుతుంది. కొడుక్కి ఏది రాలేదో, ఎంతలో తప్పిందో ఆ నాలుగు ముక్కల్లో ఎక్కడా ఉండదు. తెలిస్తే కూర్చోబెట్టి చేయించగలదేమో కూడా.

మేస్టారూ, ఈసారి కార్డు మీద 'భాగహారం వస్తోంది, శేషం దగ్గర తడబడుతున్నాడు, రోజూ నాలుగు లెక్కలు చేయించండి' అని రాయండి. తెలుగులోనే రాయండి.