వాకిట్లో ఎర్ర కారు

2012 వేసవిలో మా పెద్దవాడు టెక్సాస్ నుండి ఒక ఫోటో పంపించాడు. ఇంటి ముందు ఎర్రని కారు. నేలకు కరుచుకున్నట్టు ఉంది. ముక్కు మీద పసుపు బిళ్లలో నల్లగుర్రం. ఆ ఫోటోను పెద్దది చేయించి, అద్దం కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాము. "ఫెరారీ అటండీ, కోటి రూపాయలు ఉంటుంది" అని వచ్చినవారందరికీ చెప్పినది మేమే. వాడు ఆ మాట ఎన్నడూ అనలేదు. మేము అడగనూ లేదు.

ఆ గొప్ప ఊరికే పోలేదు. మా బావగారు తన కుమార్తె చదువుకు రెండు లక్షలు బదులు అడిగారు. వాడు తన దగ్గర లేవన్నాడు. "కోటి రూపాయల కారు కొన్నవాడికి రెండు లక్షలు లేవా?" అని ఆయన మా గడప తొక్కడం మానేశారు. మాకూ వాడిమీద కోపమే వచ్చింది.

2013లో మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్లాము. ఆ కారులో రెండే సీట్లు గనుక మమ్మల్ని ఒకరి తరువాత ఒకరిని తిప్పాడు. పీటమీద కూర్చున్నట్టే ఉంటుంది. దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందివ్వాలి. ఇంజను మన వీపు వెనుక ఉరుముతుంది. దారిన పోయే పిల్లలు చేతులూపుతారు. దాచడమెందుకు, మాకు చాలా సంతోషం కలిగింది. పెట్రోలు బంకులో ఒక ముసలాయన కారు చుట్టూ తిరిగి చూసి, "ఫియరోనా?" అని అడిగాడు. మావాడు నవ్వి అవునన్నాడు.

ఆ రాత్రి అంతా విప్పి చెప్పాడు. ఫియరో అనేది పాంటియాక్ వారు 1984 నుండి 1988 వరకు చేసిన చిన్న కారు. దాని బలమంతా లోపలి ఉక్కు చట్రంలోనే ఉన్నది. పైనున్నవి బోల్టులతో బిగించిన ప్లాస్టిక్ పలకలు. వాటిని విప్పి ఫైబర్‌గ్లాసు ఒళ్లు తొడిగితే ఫెరారీ 308 లాగా కనబడుతుంది. రెండింటికీ ఇంజను సీట్ల వెనుకనే. రెండింటి దీపాలూ కనురెప్ప ఎత్తినట్లు పైకి లేస్తాయి. విచిత్రమేమంటే, అసలు 308 జీటీబీ కార్లలో 1975 నుండి కొంతకాలం వచ్చినవాటికి కూడా ఫైబర్‌గ్లాసు ఒళ్లే! ఈ మాట చెప్పేటప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది.

వాడు ఇచ్చినది పదకొండు వేల డాలర్లు, అప్పటి లెక్కన ఆరు లక్షల చిల్లర. అసలైనదానికి దానికి కొన్ని రెట్లు పెట్టాలి, మరమ్మతులకు వేరే.

కాని దీనికీ తిప్పలున్నాయి. తయారు చేసినవాడెవరో చిన్న షెడ్డువాడు. తలుపు సరిగా పట్టదు. ఎండకు రంగులో నెరియలు వచ్చాయి. ప్రమాదం జరిగితే మామూలు ఇన్సూరెన్సువారు పాత ఫియరో ధరే కడతామంటారు. ముందుగా విలువ ఒప్పుకొనే పాలసీ వేరుగా వెదకాలి. పైగా ఆ గుర్రం బొమ్మ. ఇటువంటి నకళ్లు చేసి అమ్మిన ఒకాయన మీద ఫెరారీవారు దావా వేస్తే, 1991లో అమెరికా అప్పీలు కోర్టు వారి పక్షముననే తీర్పు చెప్పింది. 'మయామీ వైస్' అనే టీవీ సీరియల్‌లో కొర్వెట్ మీద కట్టిన నకలు ఫెరారీని వాడితే కంపెనీ అభ్యంతరం చెప్పి, చివరకు 1986లో రెండు అసలు కార్లు ఇచ్చిందట. మావాడికి ఎవరిస్తారు? మేముండగానే ఆ బిళ్ల ఊడదీశాడు.

"నాన్నా, నేను ఫెరారీ అని చెప్పానా?" అన్నాడు. మేము తల వంచుకున్నాము.

ఇంటికి వచ్చిన మరునాడే బావగారింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆరు లక్షలే అయితే, రెండు లక్షలు లేవన్నమాట నిజమే" అని కాఫీ పెట్టించారు.

ఫోటో ఇంకా మా గోడమీదనే ఉన్నది. మొన్న ఎదురింటి కుర్రవాడు తన పాత మారుతిని అలాగే చేయించాలని వచ్చి అడిగాడు. కంపెనీ కట్టిన రూపానికి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో మన సుప్రీంకోర్టు చెప్పిందని వాడికి చెప్పాము. వాడు వినకుండా ఆ ఫోటోకేసే చూస్తున్నాడు. "ఎంత బాగుందండీ" అన్నాడు. బాగుంటుంది మరి.