పూర్ణా మార్కెట్టులో ఆవకాయ ముక్కలు

విశాఖపట్టణమనగానే ఓడరేవును, ఉక్కు కర్మాగారమును తలచువారే గాని మా పాతపట్టణములోని పూర్ణా మార్కెట్టును తలచువారరుదు. మాకు మాత్రము సంవత్సరపు వంటయిల్లంతయు అచటినుండియే వచ్చును. చింతపండు, ఎండుమిరప, బెల్లపు దిమ్మలు, అరటిగెలలు. కన్నులు మూసికొన్నను వాసనచేతనే ఏ వరుసలో నున్నామో తెలియును. మార్గశిర గురువారములలో బురుజుపేట కనకమహాలక్ష్మికి పసుపు కుంకుమలు కొనిపోవువారును, రంజాను నెలలో ఖర్జూరములు బేరమాడు బురఖా స్త్రీలును ఆ యిరుకు సందులలో ఒకరినొకరు ఒరసికొనియే నడచెదరు. రేవు ముఖమున మూడు కొండలమీద వేంకటేశ్వరుని గుడియు, మేరీమాత చర్చియు, ఇస్‌హాక్ మదీనా దర్గాయు నున్నవి గదా. ఆ మూడు కొండలు దిగినవారును కూరలకు వచ్చునది ఈ బజారునకే.

2025 ఏప్రిలు 22వ తేదీన కాశ్మీరమందలి పహల్గాము చెంత, బైసరన్ పచ్చికబయలులో, ముష్కరులు మతమడిగి మరీ యాత్రికులను కాల్చిరి. మృతులు 26 మంది. వారిలో మా విశాఖవాసి యొకరు. విహారమునకు బోయినవారు శవమై తిరిగివచ్చిరి. ఊరంతయు ఉడికిపోయినది, నేనును ఉడికితిని, దాచనేల?

అది ఆవకాయల కాలము. ఏండ్ల తరబడి మాకు కాయలు కొట్టి యిచ్చువాడు ఒక ముసలి సాయిబు. ప్రతి ముక్కకును టెంక అంటియుండవలె. లేకున్న నెల తిరుగకుండ మెత్తబడునని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ నేర్పు అతని చేతిలో నున్నది. ఆ వారము సంచితో పోగా, వెంటవచ్చిన పొరుగింటి వదినగారు "ఈ యేడు వానిచేత వద్దమ్మా" యనిరి. నేను మారుపలుకక, అతడు చూచుచుండగనే, అవతలి కత్తిపీట చెంతకు బోయితిని. అతడేమియు ననలేదు. తడిగుడ్డతో కత్తి తుడుచుకొనెను.

ఆ రాత్రి, తాతగారి యొద్ద చదివిన ఆదిపర్వములోని రురుని కథ జ్ఞప్తికి వచ్చినది. ప్రమద్వరను పాము కరచినదని రురుడు కనబడిన పామునెల్ల చంపుచు, విషములేని డుండుభముపై గూడ కర్ర యెత్తెను. నేను నీకేమి చేసితినని అది యడిగినది. మనుష్యులను పాములతో పోల్చుట నాకిష్టము గాదు. ఆ కథలో నాకు కనబడినది పాము గాదు, కర్ర పట్టిన చేయి. మతమడిగి చంపినవారిని తిట్టి, మతము చూచి నేను కత్తిపీట మార్చితిని.

పహల్గాములో యాత్రికులను కాపాడబోయి ప్రాణము విడిచిన గుఱ్ఱములవాడు ముసల్మానే. మరునాడు లోయలోని వర్తకులు అంగళ్లు మూసి దుఃఖించిరి. ఇక హైదరాబాదున 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజునకు వచ్చినవారే చనిపోగా, పిమ్మట అనుమానముపై చెరబెట్టిన ముసల్మాను యువకులలో పలువురు న్యాయస్థానమున నిర్దోషులని తేలిరి. చెరలో పోయిన దినములు ఎవరు తిరిగి యిత్తురు? చంపినవానికిని, పంపినవానికిని దండన పడవలసినదే. అందు నాకు జాలి లేదు. అది సైన్యమును, పోలీసులును, న్యాయస్థానమును చేయవలసిన పని. కాయల సంచితో నేను చేయు పని గాదు.

పై ఆదివారము మరల కాయలు కొని అతని యొద్దకే పోయితిని. కాయను పీటపై నిలిపి, తలయెత్తకయే, "మొన్నటి ముక్కలకు టెంక నిలిచినదా తల్లీ?" యని యడిగెను.

"నిలువలేదు" అంటిని.

ఇంటికి తెచ్చిన పిదప వదినగారు వచ్చి ఒక ముక్క తీసి వెలుతురునకు పెట్టి చూచి, బాగుగనే కొట్టినాడనిరి. ఎవడని మాత్రము అడుగలేదు.