గట్టి ఒళ్లు అనే అబద్ధం (7వ భాగం)

"మీ ఆడోళ్లకు ఒళ్లు గట్టిదిలే." ఈ మాటను చాలామంది పొగడ్త అనుకుంటారు. నాకైతే ఇది మందు ఎగ్గొట్టే మాట. పొలంలో రెండింతల పని చేయించుకోడానికి వాడిన మాటే, కాన్పు వార్డులో నొప్పి సూది ఎగ్గొట్టడానికీ పనికొస్తోంది.

సిజేరియన్‌కు మామూలుగా వెన్నులో ఒక్క సూది వేస్తారు. అది స్పైనల్. రెండు మూడు గంటల్లో తిమ్మిరి వదులుతుంది. ఎపిడ్యూరల్ అట్ల కాదు. వెన్నులోకి సన్నటి గొట్టం పెట్టి ఉంచుతారు. ఆపరేషన్ అయిపోయినాక కూడా ఒకటి రెండు రోజులు దాంట్లో కొంచెం కొంచెంగా మందు ఎక్కించొచ్చు. అయితే బీపీ, కాళ్ల బలం చూస్తా ఉండాలి. మత్తు డాక్టరు, చాలినంత మంది నర్సులు ఉండాలి. అందుకే పేదోళ్ల వార్డుకు అది చాలావరకు రాదు.

నా రెండో కాన్పు నంద్యాలలో అయింది. ఆస్పత్రి పేరు వద్దు. తిమ్మిరి వదిలినాక దగ్గొస్తే కుట్లు చీలినట్టుండేది. పక్క మంచం ఆమె భర్త నర్సు గదిలోకే పోయి గట్టిగా మాట్లాడి సూది వేయించుకొచ్చినాడు. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చిన మా అమ్మ ఆ గది గడప బయటే నిలబడి, "మేడం, పాపకు శానా నొప్పంట" అంది. "కూలికి పొయ్యేటోళ్లు, ఈ మాత్రం ఓర్చుకోలేరా?" అన్నారు. అమ్మ తిరిగొచ్చి, "ఓర్చుకో మ్మా, మళ్లా అడిగితే కసురుకుంటారు" అంది.

కూలి రేటు కోసం ఆసామితో నిలబడి కొట్లాడిన మనిషి మా అమ్మ. ఆమెను గడప బయట ఆపింది భయం కాదు, తరాల అలవాటు. అడిగినోళ్లకే మందు అనే పద్ధతి ఉంటే, అడిగే గొంతు ఎవరికి ఉందో వాళ్లకే మందు దొరుకుతుంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1840లలో అమెరికాలోని అలబామాలో డాక్టర్ మేరియన్ సిమ్స్ అనార్కా, బెట్సీ, లూసీ అనే బానిస స్త్రీలకు మత్తు లేకుండానే ఆపరేషన్లు చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. కానీ నల్లోళ్ల చర్మం మందమనే లాంటి అబద్ధాల్లో ఒక్కటైనా నమ్మే తెల్ల వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్లు దాదాపు సగం మంది ఉన్నారని 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధనలో తేలింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. 2022లో నంద్యాల జిల్లా అయింది. 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. గొట్టం పెట్టే సిబ్బంది లేకపోతే, ఆ స్పైనల్ సూదిలోనే రవ్వంత మార్ఫిన్ కలపొచ్చు. దాదాపు ఒక రోజు నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఎట్లుందో మాత్రం చూస్తుండాలి. అదీ కుదరకపోతే పారాసిటమాల్, డాక్టరు పడదంటే తప్ప డైక్లోఫెనాక్, గడియారం చూసి టైముకు ఇవ్వాలి. ఇది ఖరీదైన వైద్యం కాదు.

అక్కలారా, వెన్నులో సూదితో జీవితాంతం నడుము నొప్పి అనే మాట నమ్మి వద్దనొద్దు. దానికి రుజువు లేదు. కొందరికి తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. ఆపరేషన్‌కు ముందే డాక్టరును అడగండి: "తిమ్మిరి వదిలినాక నాకు ఏం మందు, ఎన్ని గంటలకొకసారి?" జవాబు కేసు షీటులో రాయమనండి. రాసి ఉంటే మా అమ్మలాంటోళ్లు గడప దగ్గర బతిమాలే పని ఉండదు.

వచ్చే భాగంలో కుటుంబ నియంత్రణ క్యాంపుల గురించి రాస్తా.

జై భీమ్.