డైవర్‌కి ఏ కానుక ఇవ్వాలి?

సముద్రంలో డైవింగ్ చేసే తమ్ముడికో స్నేహితురాలికో కానుక కొనాలని వెళ్లిన వాళ్ల కళ్లు ముందు కత్తి మీదే పడతాయి. పిక్కకు కట్టుకునే పెద్ద కత్తి, ఒకవైపు రంపపు పళ్లు, కొసన సూదిమొన. సినిమాలో బాగుంటుంది. నన్నడిగితే అది వద్దంటాను. నీళ్ల కింద కత్తితో ఉన్న ముఖ్యమైన పని చిక్కుకున్న దారం తెంచుకోవడమే.

మన విశాఖనే చూడండి. రుషికొండ దగ్గర డైవింగ్ చేయిస్తున్నారు. ఆ తీరంలోనే చేపల వేటా సాగుతుంది. రాళ్లకు పట్టి తెగిన నైలాన్ వలలూ గాలపు తీగలూ అడుగున ఏళ్ల తరబడి ఉండిపోతాయి. సన్నటి గాలపు తీగ నీళ్లలో కంటికి ఆనదు. అది వీపు మీది సిలిండర్ వాల్వుకు తగులుకుందంటే ఇక డైవర్‌కి కనబడదు, చెయ్యీ సరిగా అందదు. కంగారుపడి గిర్రున తిరిగితే మరో చుట్టు పడుతుంది. కదలకుండా ఆగి, ఊపిరి నిదానంగా తీసుకుంటూ, జోడీగా దిగిన మనిషికి సైగ చేయాలి.

ఆ క్షణంలో చిన్న లైన్ కట్టర్ విలువ తెలుస్తుంది. వదులు తీగ కత్తి అంచుకు దొరక్క జారిపోతుంది. కట్టర్‌లో బ్లేడు గాడి లోపల ఉంటుంది కాబట్టి తీగను అందులోకి లాగితే తెగిపోతుంది, వేళ్లకూ గాలి గొట్టానికీ ప్రమాదం తక్కువ. లావు తాడుకైతే అంబులెన్సులో బట్టలు కత్తిరించడానికి వాడే మొద్దుమొన కత్తెర మేలు. కత్తే ఇవ్వాలనుకుంటే పొట్టిది, మొన లేనిది చూడండి. టైటానియం తుప్పు పట్టదు గానీ ధర ఎక్కువ. స్టీలుదైతే డైవ్ అయిన ప్రతిసారీ మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాల్సిందే.

వీలైతే కట్టర్లు రెండు కొనండి. ఒక చెయ్యి చిక్కుకుపోతే రెండో చేతికి అందాలి కదా. పిక్కకు కాకుండా ఛాతీ మీదో నడుము బెల్టుకో తగిలించుకునే రకమైతే ఏ చేతికైనా దొరుకుతుంది. విమానంలో ఇవి చేతిసంచిలో పెట్టకూడదని, కొన్ని రక్షిత సముద్ర ప్రాంతాల్లో కత్తి తేనివ్వరని కూడా చెప్పి ఇవ్వండి.

తక్కువ ఖర్చులో అయితే మాస్కు పట్టీ, విజిల్, నీళ్లలో రాసుకునే పలక, గాలి లీకవకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు. అరిగిన ఓ-రింగు ఒక్కటి చాలు, గాలి లీకై ఆ రోజు డైవ్ పోవడానికి. మాస్కు మాత్రం మీరు కొనొద్దు, అది ముఖానికి పెట్టి చూసుకోవాల్సిన వస్తువు.

ఇంకాస్త పెట్టగలిగితే నారింజ రంగు మార్కర్ బోయ్, దానికి 30 మీటర్ల దారం చుట్టిన స్పూల్ ఇవ్వండి. పైకి వచ్చే ముందు కింద నుంచే గాలి నింపి వదిలితే అది నీటి మీద నిలువుగా లేస్తుంది. అక్కడ మనిషి పైకి వస్తున్నాడని పడవవాళ్లకు దూరం నుంచే తెలుస్తుంది. అన్ని కానుకల్లో నా ఓటు దీనికే.

కొనేముందు వాళ్ల సంచి ఒకసారి అడిగి చూడండి. ఉన్న కట్టర్ బ్లేడు తుప్పు పట్టి ఉంటే ముందు అది మార్పించండి.