చిలక అక్కర్లేని పంజరం

12కి 5. ఈ రెండంకెల సంగతి మీకెవరైనా ఎప్పుడైనా చెప్పారా? నాకైతే ఇన్నేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎప్పుడో రంపం పట్టేదాన్ని! 12 అంగుళాల చదరం గీసి, నాలుగు మూలలూ సమంగా కోసేస్తే ఎనిమిది పలకల ఆకారం వస్తుంది కదా. అందులో ఒక్కో పక్క 5 అంగుళాలు. నిక్కచ్చిగా లెక్క కడితే 4.97. ఆ తేడా రంపపు కోతలో పొట్టుగా రాలిపోయేదానికన్నా తక్కువే. ఆ 5 అంగుళాల్ని అంగుళం చొప్పున విడగొడితే మధ్యలో నాలుగు పుల్లలు పడతాయి. ఎనిమిది మూలలకి ఎనిమిది కమ్మీలు, పక్కకి నాలుగు చొప్పున 32 పుల్లలు, మొత్తం 40 బెజ్జాలు. భిన్నాలు లేవు, కాలిక్యులేటర్ తో పని లేదు. చూడచక్కని చిలక పంజరం వెనకున్న గణితమంతా ఇంతే!

నేను చెప్పేది పక్షిని బంధించే పంజరం గురించి కాదు. మన పెంకుటిళ్ళ వసారాల్లో, మండువా లోగిళ్ళలో దూలానికి వేలాడితే ఇంటికే అందం తెచ్చే అలంకారపు పంజరం. రామచిలకని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ చట్టం రాకముందే మనకి రామదాసు కథ ఉంది. పూర్వజన్మలో ఒక చిలకని పన్నెండేళ్ళు పంజరంలో పెట్టినందుకే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గాల్సి వచ్చిందన్న ఆ కథ వింటూ పెరిగినవాళ్ళం మనం. కాబట్టి చిలక వద్దు. పంజరం మాత్రం కావాలి. దాని అందం దానిదే.

వడ్రంగం అంటే సామిల్లు, పెద్ద పెద్ద మిషన్లు, మేస్త్రీలు, మనకి సంబంధం లేని వ్యవహారం అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. పైగా గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని. ఎటు చూసినా కొబ్బరి, వరి, చేపల చెరువులు. ఇక్కడ కలపేముంటుంది అనుకునేదాన్ని. ఎంత ఉందో ఇప్పుడు తెలుస్తోంది! ఎగువ అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా దిగబట్టే, 17వ శతాబ్దంలో మా పాలకొల్లు పక్కనున్న నర్సాపురం రేవు ఓడలు కట్టడంలో పేరు పొందింది. ఇంగ్లీషు వర్తకులు సైతం అక్కడ ఓడలు కట్టించుకున్నారు. మరీ అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు. వశిష్ఠ అవతల అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. ఆరు నెలలు తిరక్కుండానే టేకుతో కొత్త రథం తయారై 2021 ఫిబ్రవరి ఉత్సవాలకి నిలబడింది. అలాంటి చేతులున్న సీమ ఇది. ఆ చేతిపనిలో గోరంత ముక్క నా ఇంటి వసారాలోకి వచ్చిందంటే గర్వంగా ఉండదూ!

ఇక అసలు సంగతి. కలప అడితికి వెళ్ళి, అర అంగుళం మందం, 7 అంగుళాల వెడల్పు టేకు చెక్కలు తెచ్చుకున్నాను. గుమ్మాలకీ కిటికీలకీ కోయగా మిగిలిన ముక్కలు ఏరుకుంటే సరిపోతుంది. రెండేసి చెక్కలు పక్కపక్కన ఫెవికాల్ పెట్టి బిగించి, అంచులు కోసేస్తే 13 అంగుళాల వెడల్పున్న చదరం వస్తుంది. అలాంటివి రెండు కావాలి, ఒకటి అడుగుకి, ఒకటి పైకి. చేవ ఉన్న ముక్క ఏదో, తెల్లచెక్క ఏదో చూడగానే ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. చేవ ముదురు గోధుమ రంగులో నూనె పట్టినట్టుంటుంది. చిత్రిక పట్టినప్పుడు లేచే ఆ వాసన ఉందే, సాయంత్రం దాకా చేతుల్ని వదలదు.

ఎనిమిది పలకలు గీసే పద్ధతి చూసి నిజంగా నోరెళ్ళబెట్టాను. కోణమానిని అక్కర్లేదు. అంచు నుంచి అర అంగుళం లోపలికి 12 అంగుళాల చదరం గీయాలి. మూల నుంచి మూలకి రెండు గీతలు గీస్తే అవి మధ్యలో కలుస్తాయి. కంపాసు ముల్లు ఒక మూల మీద పెట్టి, పెన్సిల్ మొన ఆ మధ్య బిందువు దాకా తెరిచి, అదే కొలతతో అటూ ఇటూ పక్క గీతల మీద చిన్న గాటు పెట్టాలి. నాలుగు మూలల నుంచీ ఇలాగే. ఎనిమిది గాట్లు పడతాయి. వాటిని కలిపితే అచ్చంగా ఎనిమిది పలకలు! హైస్కూల్లో జామెట్రీ బాక్సు పెట్టి ఏవేవో గీయించారు గానీ, అది ఇలా ఒక వస్తువై చేతికొస్తుందని అప్పుడే చూపించి ఉంటే ఆ పుస్తకాన్ని గుండెకి హత్తుకునేదాన్ని.

బెజ్జాల దగ్గర మాత్రం మా వీధి చివర తలుపులు చేసే మేస్త్రి గారిని అడిగాను. ఆయన వచ్చి, పై చెక్కనీ అడుగు చెక్కనీ ఒకదాని మీద ఒకటి పెట్టి, బెజ్జాలు పడని చోట రెండు సన్న మేకులు దించి ఒక్కటిగా బిగించేశారు.

"మేస్త్రి గారూ, ఒక బెజ్జం కాస్త పక్కకి జరిగితేనో?"

"జరగనివ్వండమ్మా. రెండు చెక్కలూ కలిపి వేస్తున్నాం కదండీ. పైన ఎటు జరిగితే కిందా అటే జరుగుతాదండి. పుల్ల మాత్రం నిటారుగానే నిలబడతాదండి."

ఈ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. పంజరం అందమంతా పుల్లలు నిటారుగా ఉండటంలో ఉంది. ఆ నిటారుతనాన్ని కంటి చూపుకీ చేతి నేర్పుకీ వదిలేయకుండా, రెండు చెక్కల్ని కలిపి బిగించే పద్ధతికి అప్పజెప్పేశారు. కొత్తవాళ్ళకి ఇంతకన్నా వరమేముంటుంది! ఆయన చెప్పిన మిగతా మాటలూ బంగారమే. ముందు ప్రతి గుర్తు మీదా మేకు మొనతో చిన్న గుంట పెడితే బరమా జారదు. కింద ఒక పనికిరాని చెక్క వేస్తే అడుగున పెచ్చులు లేవవు. బరమా పక్కన మూలమట్టం నిలబెట్టుకుంటే వాలు తెలిసిపోతుంది. "నొక్కక్కర్లేదమ్మా, నిటారుగా పట్టుకోండి, దాని పని అది చేసుకుంటాదండి" అన్నారు. నిజంగానే చేసుకుంది.

పుల్లల కథ ఇంకా గొప్పది. టేకుతో సన్న పుల్లలు తీస్తే నార అడ్డంగా పోయినచోట పుటుక్కుమంటాయి. వెదురు అలా కాదు. కణుపుకీ కణుపుకీ మధ్య దాని నార తిన్నగా సాగుతుంది, పై తోలు దగ్గర మరీ దట్టంగా ఉంటుంది. అందుకే బుట్టలల్లే మేదర్ల దగ్గరికి వెళ్ళి, కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం ఎక్కువున్న బొంగు అడిగి తెచ్చుకున్నాను. అక్కడ ఒకావిడ కత్తిని బొంగు కొస మీద ఆనించి ఒక్క తట్టు తట్టగానే అది రెండుగా, మళ్ళీ నాలుగుగా, ఎనిమిదిగా చీలిపోతూ వచ్చింది. ఆ చీలిక ఎక్కడా పక్కకి పోదు!

ఆ బద్దల్ని గుండ్రటి పుల్లలుగా మార్చడానికి బంగారప్పనివాళ్ళ కమ్మచ్చు ఉపాయమే. వాళ్ళు ఉక్కు పలకలో వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాల్లోంచి తీగ లాగుతారు కదా. నేను ఒక ఇనప పట్టీకి వెల్డింగు షాపులో 5, 4.5, 4, 3.5, 3 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయించాను. పట్టీని బల్లకి గట్టిగా బిగించి, వెదురు బద్ద కొస కాస్త చెక్కి మొదటి బెజ్జంలో దూర్చి, పట్టకారుతో అవతలి నుంచి లాగడమే. బెజ్జం అంచు దానికదే ఉలిలా పనిచేసి, ఉల్లిపొర అంత పల్చని పొట్టు చుట్టలు చుట్టలుగా ఇవతలే రాలిపోతుంది. ఒక్కో బెజ్జం దాటుతుంటే పుల్ల గుండ్రంగా, నున్నగా తేలుతుంది. చివరి బెజ్జంలోంచి సర్రున బయటికొచ్చిన మొదటి పుల్లని ఎండలో పట్టుకుని ఎంతసేపు చూశానో! చైనాలోనూ హాంకాంగ్‌లోనూ తరతరాలుగా వెదురు పంజరాలు చేసేవాళ్ళు పుల్లలు తీసేది ఇలాంటి పలకతోనేనట. ట్యునీసియాలో సిది బూ సయీద్ అనే సముద్రపు ఊరుంది. తెల్ల గోడలు, నీలం తలుపులు. అక్కడి పంజరాలకీ అవే రంగులు, పైన గుమ్మటం. అయితే వాళ్ళు పుల్లల బదులు చెక్క చట్రంలో సన్న తీగ గుచ్చుతారు. ఎక్కడి పాలకొల్లు, ఎక్కడి ట్యునీసియా! చట్రంలో సమాన దూరాన బెజ్జాలు, వాటిలో నిలువు ఊచలు. అక్కడా ఇక్కడా కిటుకు ఒకటే.

పై చెక్కకి మధ్య భాగం కోసేసి కంకణంలా మిగిల్చాను. మూలల్లో పావు అంగుళం కమ్మీలు నిలబెట్టి, పైనుంచి పుల్లని బెజ్జంలో వదిలితే సూటిగా వెళ్ళి అడుగు బెజ్జంలో టక్కున కూర్చుంది! తర్వాతది వదిలాను, అదీ అంతే. పక్క తర్వాత పక్క నిండుతుంటే, చెక్కలూ పుల్లలూ అనుకున్నవి కాస్తా పంజరం అయిపోతున్నాయి. ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. చూసినవాళ్ళు తలా ఒక పుల్ల వదులుతామన్నారు, వదిలారు. అడుగున బెజ్జాలు కనబడకుండా పల్చటి ప్లైవుడ్ ముక్క అతికిస్తే సరి.

పై గుమ్మటానికి ఎనిమిది వెదురు బద్దలు ఒకే వంపు తిరగాలి. రాత్రంతా నానబెట్టి, పొయ్యి సెగకి వెచ్చజేసి, ఇత్తడి బిందె పొట్ట చుట్టూ వంచి తాడుతో కట్టేశాను. ఆరాక విప్పితే అన్నిటికీ బిందె వంపే వచ్చింది. వాటి కొసలన్నీ కలిసేచోట మంచం కోళ్ళు తీసే లేతు మీద చేయించిన చిన్న గుబ్బ. దానికి ఏటికొప్పాక బొమ్మల్లా లక్క రంగు పట్టించుకుంటే ఇంకా బావుంటుంది.

తలుపు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. దానికి బందుల్లేవు, గడియ లేదు, ఒక్క మేకు లేదు. రెండు పొట్టి అడ్డబద్దలకి నాలుగు పొట్టి పుల్లలు గుచ్చితే తలుపు. ఆ అడ్డబద్దల చివర బెజ్జాల్లోంచి పంజరం తాలూకు రెండు నిలువు పుల్లలు వెళ్తాయి. తలుపు వాటి వెంట పైకి జారుతుంది, వదిలితే తన బరువుకి తనే దిగి మూసుకుంటుంది. ఈ ఉపాయం తట్టిన మొదటి మనిషెవరో గానీ, వాళ్ళ బుర్రకి జోహార్లు!

ఇప్పుడు నా కళ్ళు మారిపోయాయి. పాత ఇళ్ళ కటకటాల వసారాలు ఇన్నాళ్ళూ చూశాను గానీ, ఊచల మధ్య ఎడం ఎక్కడా తప్పకుండా ఎలా పట్టుకొచ్చారో ఇప్పుడే చూస్తున్నాను. క్షీరారామం గుడికెళ్తే, ఆ తొమ్మిదంతస్తుల గోపురంలో ఒక్కో అంతస్తూ కింది దానికన్నా ఎంత తగ్గుతూ పోయిందో తల ఎత్తి లెక్కేస్తున్నాను. చేత్తో ఒక్క వస్తువు కొలిచి చేస్తే ఊరంతా ఇలా కొత్తగా కనిపిస్తుందని తెలీదు.

స్పిరిట్లో కరిగించిన లక్క పాలిష్ గుడ్డతో రెండు మూడు పూతలు రుద్దాను. టేకు చారలు మెరిశాయి, వెదురు తేనె రంగుకి తిరిగింది. లోపల అడుగున నర్సాపురం లేసు గుండ్రటి ముక్క పరిచాను. చిలక కావాలని పిల్లలు పట్టుబడితే కొండపల్లి వాళ్ళు తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మ తెచ్చి పెట్టొచ్చు. నేను మాత్రం తలుపు పైకెత్తి దారంతో కట్టేసి, లోపల వరికంకుల కుచ్చు వేలాడదీశాను. సంక్రాంతికి మన ఊళ్ళలో పిచ్చుకల కోసం గుమ్మాలకి కట్టే కుచ్చే. పిచ్చుకలు తలుపులోంచి వస్తున్నాయి, గింజలు తింటున్నాయి, ఆ తలుపులోంచే పోతున్నాయి.

మీ ఇంట్లోనూ ఒక వసారా ఉంటుంది, కాకపోతే బాల్కనీ. మీ ఊళ్ళోనూ ఒక అడితి, ఒక మేదర్ల వీధి, అడిగితే చెప్పే ఒక మేస్త్రి గారూ ఉంటారు. ఖరీదైన పనిముట్లేవీ అక్కర్లేదు. చేతి రంపం, చిత్రిక, బరమా, కంపాసు, మూలమట్టం, ఒక ఇనప పట్టీ చాలు. కలప కొనకముందే ఒక అట్టముక్క మీద 12 అంగుళాల చదరం గీసి, మూలల నుంచి గాట్లు పెట్టి చూడండి. పక్కని కొలబద్దతో కొలవండి, 5 వస్తుంది. అది కళ్ళారా చూశాక అడితికి వెళ్ళకుండా ఉండలేరు. వెళ్ళండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి, పిల్లల్నీ కూర్చోబెట్టుకోండి.