నాన్నగారి పద్దుపుస్తకము

మా భీమునిపట్నములోని డచ్చివారి శ్మశానమును చూచినవారు పెక్కురుందురు. వర్తకమునకై వచ్చిన ఆ పరదేశులు తమవారి పేళ్లను రాతిమీద చెక్కించి పోయిరి. సముద్రపుగాలికి అరిగినను వానిలో కొన్ని నేటికిని చదువ వీలగును. మనవారో, బ్రతికియుండగా తమ ఆస్తినిగూర్చి నాలుగు మాటలు కాగితముపై పెట్టుటకు జంకుదురు. వీలునామా యన్నచో యమునికి ఉత్తరము వ్రాసినట్లే తలంతురు. మా నాన్నగారును అట్టివారే.

ఆయన 2009లో కాలధర్మము చెందిరి. అమ్మ అంతకుముందే పోయినది. ఊరిలో ఒక పెంకుటిల్లు, విశాఖపట్నము పోవు దారిలో ఆయన జీతపుడబ్బుతో కొన్న 1 ఎకరము 20 సెంట్ల సరుగుడుతోట, ఇంతే ఆస్తి. పన్నెండవనాటి భోజనములైన పిమ్మట మా అన్నగారు హక్కు విడుదల కాగితమొకటి తెచ్చి అక్కయ్య ముందుంచిరి. “పెళ్లికి పెట్టిందే నీ వాటా గదమ్మా” అని మేనమామ అందుకొనెను. అక్కయ్య నావంక చూచినది. తరగతిలో స్త్రీపురుష సమానత్వమునుగూర్చి గంటలకొలది చెప్పు నేను తల వంచుకొంటిని. ఆమె సంతకము చేసినది. మరుసటి నెల రిజిస్ట్రారు కచేరీలో మరల వ్రేలిముద్రలు వేసినది. పసుపుకుంకుమలతో ఆమెకొక పట్టుచీర పెట్టితిమి. దాని ఖరీదు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది, చెప్పను.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయే మనకు ఆస్తి విభాగమున చిరకాలము ప్రమాణమైనది. దానిని కేతన 13వ శతాబ్దిలోనే తెనుగు పద్యములలోనికి తెచ్చెను. నేనా గ్రంథములను చదివినవాడనే. దాయమును పంచుకొనువాడు దాయాదుడు; తెనుగున దాయ యన్నచో శత్రువు. ఈ మాట పిల్లలకు చెప్పినప్పుడు వారు నవ్వుదురు. నాకు నవ్వు రాదు.

పిఠాపురపు జమీందారు గంగాధర రామారావుగారి కథ వేఱు. ఆయన తొలుత ఒకరిని దత్తు చేసికొని, పిదప ఔరసుడు కలుగగా జమీ యాతనికి చెందునట్లు వీలునామా వ్రాసిరి. దత్తుడు వ్యాజ్యెమాడెను. అది సముద్రము దాటి లండనులోని ప్రీవీకౌన్సిలు దాక పోయి, 1899లో వీలునామాయే చెల్లునని తేలినది. అట్లు జమీ దక్కిన సూర్యారావు బహద్దరుగారే తరువాత సూర్యరాయాంధ్రనిఘంటువునకు పోషకులైరి. ఆ వీలునామా వీగిపోయియుండినచో మన నిఘంటువు గతి యేమయ్యెడిదో! జమీందారులకు బారిస్టరులుందురు. సరుగుడుతోట వారికి కరణముగారి సలహాయో, మేనమామ మాటయో తప్ప మఱేమున్నది?

చట్టము మాత్రము మా అక్కయ్యవైపే యుండెను. వీలునామా లేక పోయిన తండ్రి స్వార్జితమున కూతునకును కొడుకుతో సమానభాగమని 1956 నుండియు నున్నదే. పిత్రార్జితమున సైతము మన రాష్ట్రము 1985లో అవివాహితలైన కొమార్తెలకు జన్మహక్కు నిచ్చినది. 2005లో అది దేశమంతటికిని, పెండ్లియైనవారికిని వర్తించినది. ఆ నాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. ఇన్ని హక్కులును పన్నెండవనాటి సంతకముతో తీరిపోవును.

నిరుడు ఇల్లు బాగుచేయించుచు భోషాణము తెఱచితిని. నాన్నగారి పద్దుపుస్తకము దొరకినది. పాలవాని బాకీకిని కిరోసిను లెక్కకును నడుమ, ఆయన గుండ్రని చేవ్రాతలో ఒక పంక్తి: “అమ్మాయికి తోటలో తూర్పువైపు 30 సెంట్లు.” క్రింద సంతకము లేదు. సాక్షులు లేరు.

వీలునామా వ్రాసినవాడు సంతకము చేయవలెను. అది చూచిన ఇద్దరు సాక్షులు తామును చేయవలెను. 1925 నాటి భారత వారసత్వచట్టము ముఖ్యముగా కోరునది ఇంతే. స్టాంపు కాగితమక్కఱలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్టరు చేయించుట నిర్బంధము కాదు గాని చేయించిన మేలు. మనసు మాఱినచో మార్చి వ్రాసికొనవచ్చును. ఎదురింటివారిని, ప్రక్కింటివారిని అరుగుమీదికి పిలిచినచో పది నిమిషముల పని. నాన్నగారు ఆ పది నిమిషములు వెచ్చింపలేదు. బ్యాంకులో నామినీ పేరు వ్రాసితిమి గదా యని ఊరకుండువారును కలరు; నామినీ సొమ్ము పుచ్చుకొని వారసులకు అప్పగింపవలసినవాడే గాని స్వంతదారుడు కాడు. మఱికొందఱు తొందరపడి బ్రతికియుండగనే సమస్తము దానపత్రముగ వ్రాసి యిచ్చి కొడుకు గుమ్మముకడ నిలుచుందురు. అట్టివారికై 2007లో ఒక చట్టము వచ్చినది గాని, పోషింపవలెనన్న షరతు లేనిచో దానివలన ఉపకారము కలుగుట కష్టము.

పుస్తకము అన్నగారికి చూపితిని. “ఇది చెల్లదు గదరా” అనిరి. నిజమే, చెల్లదు.

విజయనగరములో నున్న అక్కయ్యకడకు తీసికొనిపోతిని. బావగారు పోయినప్పటినుండి ఆమె అక్కడ ఒక చిన్న వాటాలో అద్దెకుండును. కళ్లజోడు పెట్టుకొని ఆ పంక్తి రెండుమాఱులు చదివినది. “తూర్పువైపు అనే రాశారా? నుయ్యి అటే గదూ” అన్నది. కొంతసేపైన తరువాత, “అప్పుడు మీకీ సంగతి తెలుసా?” అని అడిగినది. “తెలియదక్కయ్యా” అంటిని. తెలిసియుండినచో నేమి చేసియుందువని ఆమె అడుగలేదు.

ఇద్దరు సాక్షుల యెదుట నా వీలునామా వ్రాసి రిజిస్టరు చేయించితిని; అందు మా అమ్మాయికిని అబ్బాయికిని చెరిసగము. అక్కయ్యకు 30 సెంట్లకు దానపత్రము చిత్తు సిద్ధమైనది. నా భార్య చదివి, హద్దులలో ఒక తప్పు దిద్దినది. కాని నూతితోకూడిన తూర్పువైపు పంపకములో అన్నగారికి పడినది. నేనియ్యగలిగినది పడమటి భాగమే. నా పడమటి 30 సెంట్లు తాము తీసికొని తూర్పువి అక్కయ్యకిమ్మని వారికి ఉత్తరము వ్రాసి నెల దాటినది. జవాబు రాలేదు. చిత్తులో దిక్కు వ్రాయవలసిన చోటు ఖాళీగా నున్నది.